పరీక్షనాడు నానిన నాచు

పోయినవారం ఇన్‌యంగ్‌ని వంటింట్లో, బియ్యం జాడీ వెనక్కి తొంగిచూస్తుండగా వదిలేశాం. తెల్లారితే కాలేజీ ప్రవేశ పరీక్ష. నిరుడు ఒకసారి తప్పింది కనక, ఏడాదంతా రీడింగ్ రూముల్లో మెడలు పడిపోయేలా చదివి ఇప్పుడు రెండోసారి రాయబోతోంది. అలాంటి పిల్లకి ఆ జాడీ వెనకాల, ప్లేటు మూతపెట్టిన గిన్నెలో, సముద్రపు నాచు నానుతూ కనిపించింది.

నాచు చారు పుట్టినరోజు వంటకం. ఆ పొద్దున అది తాగకపోతే ఈ కొరియా రేవు ఊరు మొక్పోలో ఎవరికీ వయసు పెరిగినట్టే కాదు. కానీ పరీక్ష ఉన్న ఇంట్లో దాని పేరు కూడా ఎత్తరు. నాచు జారుడు సరుకు, తిన్నవాళ్లు కూడా జారిపోతారని భయం. పరీక్ష పోయినవాణ్ని పోయిందా అని అడగరు, "నాచు చారు తాగావటగా" అని పలకరిస్తారు. నిరుడు చేపల బజారులో సగంమంది ఇన్‌యంగ్‌ని అలాగే పలకరించారు.

మరి ఇంట్లో పుట్టినరోజు ఎవరిది? ఇన్‌యంగ్‌ది ఏప్రిల్‌లో అయిపోయింది. నాన్న సరుకుల ఓడ మీద ఎక్కడో నడిసముద్రంలో ఉన్నాడు. ఇక మిగిలింది నొమిన్. మంగోలియా నుంచి చదువుకోడానికి వచ్చి, వసంతకాలం నుంచి వీళ్లింట్లోనే ఉంటున్న పిల్ల. తను చలి మొదలయ్యే రోజుల్లో పుట్టానని ఎండాకాలంలో ఒకసారి అన్నం దగ్గర చెప్పింది. ఇప్పుడు బయట చలి మొదలైంది. లెక్క సరిపోయింది. కన్నకూతురు జారిపడినా ఫరవాలేదుగానీ పరాయిపిల్ల పుట్టినరోజు మాత్రం జరగాలి, అదీ అమ్మ వరస, అనుకుంది ఇన్‌యంగ్.

ఆ కడుపుమంటలో ఆమె ఏం చేసిందో గుర్తుంది కదా. అమ్మ స్నానానికి వెళ్లగానే అమ్మ ఫోన్ అందుకుని, విదేశీ విద్యార్థులకి ఇళ్లు కుదిర్చిపెట్టే పాంగ్ గారికి, అమ్మే పంపినట్టుగా మెసేజ్ పెట్టింది. 'మాకు ఇబ్బందిగా ఉంది. నెలాఖరుకల్లా ఆ అమ్మాయిని వేరే ఇంటికి మార్చండి.' రేపు పొద్దున ఫోన్ చేసి మాట్లాడతానని ఆవిడ జవాబిచ్చింది. రెండూ చెరిపేసి ఫోన్‌ని ఎక్కడిదక్కడ పెట్టేసింది ఇన్‌యంగ్. ఆ ఫోన్ తెరుచుకునే అంకెలు కూతురి పుట్టినతేదీయే.

*

ఒక్క గిన్నెడు నాచుకే ఇంత మంట పుట్టిందని ఎవరూ అనుకోవద్దు. దాని కట్టెలు చాలా రోజులనుంచీ పోగవుతున్నాయి.

ముందు అమ్మమ్మ గది పోయింది. అమ్మమ్మ పోయాక ఆ గది తనకిస్తారని ఇన్‌యంగ్ ఆశపడింది. అందులోకి నొమిన్ పెట్టె వచ్చి కూర్చుంది. ఆ తరవాత చేప ముక్క పోయింది. ముల్లు తీసిన మొదటి ముక్క ఇన్నేళ్లూ తన అన్నం మీద పడేది, పాపం ఈ పిల్లకి ముళ్లు తీయడం రాదంటూ అమ్మ దాన్ని నొమిన్ చెంచా మీద పెట్టడం మొదలెట్టింది. ఆదివారం పొద్దున్న ఊరుమ్మడి వేడినీళ్ల స్నానాల ఇంట్లో అమ్మ ఆ పిల్ల వీపు మట్టి రాలేలా రుద్దుతుంటే, ఇన్‌యంగ్ పక్కన కూర్చుని తన చెయ్యి తానే రుద్దుకుంది. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే.

అన్నిటికన్నా గట్టిదెబ్బ ఒక మాట కొట్టింది. ఈ దేశంలో నా అమ్మ అనరు, ఒక్కగానొక్క పిల్లయినా సరే. మనకి తెలుగులో మా అమ్మ వేరు, మన అమ్మ వేరు. వీళ్లకి రెండింటికీ కలిపి ఒకటే మాట. వచ్చిన కొత్తలో పిన్నీ అని పిలిచిన నొమిన్, ఆకులు రాలేవేళకి అమ్మా అనసాగింది. ఒకరోజు అమ్మ నడిపే కూరలకొట్లో ఎవరో ముల్లంగి పచ్చడి రుచి చూసి ఎవరు పెట్టారని అడిగితే, నొమిన్ నవ్వుతూ ఆ మాటే వాడి చెప్పింది. మన అమ్మ పెట్టిందనే ఆ పిల్ల ఉద్దేశమేమో. ఇన్‌యంగ్ చెవిలో మాత్రం అది 'మా అమ్మ' అనే పడింది. ఆ మర్నాటినుంచి ఎదురుకొట్టు చేపలామె, ఇన్నాళ్లూ 'ఇన్‌యంగ్ వాళ్లమ్మా' అని కేకేసే మనిషి, 'నొమిన్ వాళ్లమ్మా' అనడం మొదలెట్టింది. ఊరికే వేళాకోళానికి అన్నది. కానీ వేళాకోళం ఎవరికి ఎక్కడ గుచ్చుకుంటుందో అనేవాళ్లకి తెలియదు.

*

పరీక్ష పొద్దున ఇన్‌యంగ్ లేచేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. అమ్మ గుమ్‌సున్ మధ్యాహ్నం డబ్బా సర్దుతోంది. కోడిగుడ్డు చుట్టలు, వేయించిన చిన్నచేపలు, వేడి నిలిచే సీసాలో సోయా ముద్ద చారు. బల్లమీద అంటుడుబియ్యం ఉండలు. అవి తింటే సీటు అంటుకుంటుందని నమ్మకం.

ఇన్‌యంగ్ బల్ల ముందు కూర్చుని కాచుకుంది. అమ్మ ఎప్పుడో ఒకప్పుడు జాడీ దగ్గరికి వెళ్లకపోదు. నోట్లో మాటలు రాత్రినుంచే నూరి పెట్టుకుంది.

మూత తీసి బియ్యం తోడుకోబోతూ గుమ్‌సున్ ఆగిపోయింది. వెనక్కి చెయ్యి పెట్టి గిన్నె బయటికి లాగింది. ప్లేటు ఎత్తింది. అలాగే నిలబడిపోయింది.

"దాచింది దొరికిపోయిందిగా" అంది ఇన్‌యంగ్.

ఎంత విషం కలపాలో అంతా కలిపే అంది. అమ్మ తలదించుకుంటుంది, నసుగుతుంది, ఏదో సాకు చెబుతుంది, అప్పుడు మిగతాది అందామనుకుంది. కానీ గుమ్‌సున్ ఇటు తిరిగేసరికి ఆమె కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి.

"నువ్వా తల్లీ నానబెట్టింది? పరీక్ష పెట్టుకుని నాకోసం దాచావా?"



"నేనే పట్టించుకోలేదే" అంటూ గుమ్‌సున్ గిన్నె బల్లమీద పెట్టి చేతులు తుడుచుకుంది. "చంద్రుడి లెక్క పుట్టినరోజు, ఏడాదికో తేదీన వచ్చిపడుతుంది. ఈసారి సరిగ్గా నీ పరీక్షమీద వచ్చి కూర్చుంది చూడు. క్యాలెండర్లో తిథుల చిన్నంకెలు చూసి ఈ ఏడాదికి వదిలెయ్యొచ్చులే అనుకున్నా. మీ అమ్మమ్మ పోయాక ఇంకొకళ్ల చేత్తో ఈ చారు తాగే యోగం లేదనుకున్నా."

అమ్మ పుట్టినరోజు. ఇన్‌యంగ్ ఆ రెండు ముక్కలూ మనసులో అనుకుని చూసింది. నిరుడు ఏ నెలలో వచ్చిందో గుర్తురాలేదు, అంతకుముందు ఏడాదిదీ రాలేదు. ఇంతకాలం మా అమ్మ, మా అమ్మ అని కుమిలిపోయిన మనిషికి, ఆ అమ్మ ఏ రోజు పుట్టిందో తెలియదు.

మరి ఈ నాచు నానబెట్టింది ఎవరు? ఆ ప్రశ్నకి జవాబు అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని నొమిన్ గిన్నె వంకా, గుమ్‌సున్ ముఖం వంకా, ఆఖరికి ఇన్‌యంగ్ వంకా చూసింది.

"చూశావా నొమిన్, మీ అక్క చేసిన పని" అంది గుమ్‌సున్ మురిసిపోతూ. "పరీక్ష రాసే పిల్ల నాచు ముట్టుకుంటుందా ఎక్కడైనా? పిచ్చిది కాకపోతే."

నొమిన్ ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో ఇన్‌యంగ్ నేను కాదని చెప్పొచ్చు. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

"నాకు నిన్ననే చెప్పిందమ్మా" అంది నొమిన్. "మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. తను వెళ్లాక నన్నే పొయ్యిమీద పెట్టమంది."

గుమ్‌సున్ కూతురి తలని పొట్టకి అదుముకుంది. వెల్లుల్లి, నువ్వుల నూనె కలిసిన ఆ బట్టల వాసన ఇన్‌యంగ్‌కి చిన్నప్పటినుంచీ తెలిసిందే. కొన్ని నెలలుగా ఆ అదుముడు కోసమే ఆమె కళ్లల్లో నిప్పులు పోసుకుంది. తీరా అది దొరికితే, అదీ నొమిన్ పెట్టిన భిక్షే. ఈ పిల్ల అమ్మని తీసుకోవడమే కాదు, మళ్లీ తిరిగి దానం కూడా చేస్తోంది. సిగ్గుపడాల్సిన చోట ఇన్‌యంగ్‌కి ఇంకా మండింది. సిగ్గు తరవాత వచ్చింది.

గుమ్‌సున్ నాచుగిన్నె మీద తువ్వాలు కప్పేసి, అటువైపు కళ్లతో కూడా చూడొద్దని కూతురికి ఆన పెట్టింది. ఆమె పరీక్ష బడి గేటు దాటి లోపలికి వెళ్లాకే పొయ్యి వెలిగిస్తానంది. చేప ముల్లు తీసి మొదటి ముక్క ఇన్‌యంగ్ అన్నం మీద పెట్టింది.

*

గుమ్‌సున్ కొట్టు వ్యాన్‌ వేడెక్కించడానికి కిందికి దిగింది. ఇన్‌యంగ్ చెప్పులగూడు దగ్గర నొమిన్ మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎందుకలా చెప్పావు?"

"అమ్మ ఏడుస్తోంది కదక్కా, సంతోషంగా. నేనని చెబితే కూడా సంతోషించేది. కానీ అలా ఏడ్చేది కాదు."

అమ్మ పుట్టినరోజు నీకెలా తెలిసిందని ఇన్‌యంగ్ అడిగింది. కొట్లో వెల్లుల్లి ఒలుస్తుంటే అమ్మే చెప్పిందట. అమ్మమ్మ ఆల్చిప్పలు వేసి చేసేదని, ఆవిడ పోయాక ఇక ఎవరూ చెయ్యలేదని. "నువ్వూ అక్కడే ఉన్నావక్కా. చెవుల్లో ఇంగ్లీషు పాఠం పెట్టుకుని ఉన్నావు."

"నేను నీ పుట్టినరోజు అనుకున్నా" అంది ఇన్‌యంగ్. "చలి మొదలయ్యేప్పుడు పుట్టానన్నావుగా."

"మా ఊళ్లో చలి సెప్టెంబర్‌లోనే మొదలవుతుంది" అంది నొమిన్ నవ్వుతూ. "అది అయిపోయిందక్కా."

అయిపోయింది. ఈ ఇంట్లోనే, ఈ బల్ల దగ్గరే అయిపోయింది. ఎవరూ నాచు నానబెట్టలేదు, ఎవరూ అడగలేదు, ఆ పిల్లా చెప్పలేదు. సెప్టెంబర్ అంతా ఇన్‌యంగ్ ఆ పిల్ల చెంచా మీద పడే చేప ముక్కల్నే చూస్తూ కూర్చుంది.

నొమిన్ బూట్లు తొడుక్కుంటూ తలెత్తకుండా ఇంకో మాట అంది. "నిన్న నువ్వు చూశావని తెలుసు. నేను ప్లేటు బోర్లించి పెట్టాను, తెల్లారుజామున చూస్తే వెల్లకిలా ఉంది. నామీద కోపం వచ్చి ఉంటుందనుకున్నా. పరీక్ష అయ్యాక మాట్లాడుకుందామక్కా. ఇక్కడికి వచ్చాక నాకు ఇంకో ఇల్లు తెలీదు."

అప్పటిదాకా మరుగునపడ్డ మెసేజ్ ఇన్‌యంగ్‌కి అప్పుడు నిలువెత్తున గుర్తుకొచ్చింది. నెలాఖరుకల్లా మార్చండి. రేపు పొద్దున ఫోన్ చేస్తాను. ఆ రేపు వచ్చేసింది. తేలుకుట్టిన దొంగలా మెట్లు దిగింది.

*

వ్యాన్‌లో ముగ్గురూ ముందు సీట్లోనే ఇరుక్కుని కూర్చున్నారు. నొమిన్ మధ్యలో డబ్బా ఒళ్లో పెట్టుకుంది. పరీక్ష రోజని ఆఫీసులు ఆలస్యంగా తెరుస్తారు కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంది. ఏ మలుపులోనైనా జనం అడ్డుపడి వ్యాన్ ఆగితే బాగుండునని ఇన్‌యంగ్ మొక్కుకుంది. ఆరోజు దేశం మొత్తంలో అలా మొక్కుకున్న పరీక్షపిల్ల ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

"అమ్మా, నీ ఫోన్ ఒకసారి ఇస్తావా?"

"ముట్టుకోకు" అంది గుమ్‌సున్. ఫోన్ ఆమె దూదికోటు లోపలి జేబులో ఉంది. "పొరపాటున నీ జేబులోకి వెళ్లిందనుకో, హాల్లో పట్టుకుని బయటికి పంపించేస్తారు. పోయినేడు ఎవరో పిల్లాడికి అలాగే అయిందట."

"ఒక్క నిమిషం చాలు."

"సాయంత్రం ఎంతసేపైనా చూసుకో."

ఇన్‌యంగ్ కిటికీలోంచి ఓడరేవు వంక చూసింది. చెప్పేద్దామనుకుంది. మధ్యలో నొమిన్ ఉంది, ఉంటే ఉండనీ. ఆమె గొంతు సవరించుకుంది.

"అమ్మా, నేనొక తప్పు..."

"ఆ మాట అనకు" అని గుమ్‌సున్ స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టింది. "తప్పు, జారు, పడు, ఊడు, ఇవేవీ ఈ వ్యాన్‌లో వద్దు. నిరుడు నేనే దార్లో 'పడిపోతావు జాగ్రత్త' అన్నాను. ఆ మాట ఏడాదంతా నన్ను తిన్నది. ఏం చెప్పాలన్నా పరీక్షయ్యాక చెప్పు."

తప్పు అనే మాట లేకుండా తప్పు ఒప్పుకోవడం ఎలాగో ఇన్‌యంగ్‌కి తెలియలేదు. ఏ ప్రశ్నపత్రంలోనూ అంత కష్టమైనది రాదు. ఆమె ఇంకా మాటలు వెతుక్కుంటుండగానే పరీక్ష జరిగే బడి వచ్చేసింది.

గేటు ముందు తిరనాళ్లలా ఉంది. చిన్న తరగతుల పిల్లలు డోళ్లు కొడుతూ తమ బడి అక్కల పేర్లు అరుస్తున్నారు. తల్లులు గేటు స్తంభానికి బంక మిఠాయి ముద్దలు అంటించి దణ్ణాలు పెడుతున్నారు. గుమ్‌సున్ కూడా కోటుజేబులోంచి ఒక ముద్ద తీసి, నోట్లో మెత్తబరిచి, అందరికన్నా ఎత్తులో అంటించింది. అంటుకో, అంటుకో అని రెండుసార్లు అద్దింది. గేటు మూసేస్తున్నాం, రాసేవాళ్లు లోపలికి రావాలని కాపలాదారు కేక వేశాడు.

ఇన్‌యంగ్ అమ్మ చెయ్యి పట్టుకుంది. రెండు అబద్ధాల్లో ఒకటి ఒప్పుకోడానికే వ్యవధి ఉంది. మనిషి కదా, చిన్నదే ముందు నోటికొచ్చింది.

"అమ్మా, ఆ నాచు నేను నానబెట్టలేదు."

గుమ్‌సున్ నవ్వింది. "తెలుసులేవే."

"తెలుసా?"

"నువ్వు నానబెడితే గుప్పెడు బదులు కట్ట మొత్తం వేస్తావు. పొంగి పొంగి వంటిల్లంతా నాచే ఉంటుంది. అంత కొలతగా నానబెట్టే చెయ్యి నీదెందుకవుతుంది? కాసేపు నమ్మాను, నిజమే. గిన్నె మళ్లీ చూశాక అర్థమైంది." ఆమె కూతురి మఫ్లరు గట్టిగా చుట్టింది. "కానీ నువ్వు కాదనలేదు, అది కాదనలేదు. ఒకళ్లనొకళ్లు కాచుకున్నారు. ఆ పిల్ల వచ్చిన రోజునుంచీ నువ్వు ముఖం ముడుచుకుని తిరుగుతుంటే, దాన్ని తెచ్చి తప్పు చేశానేమో అనుకుంటూనే ఉన్నా. చూశావా, ఆ మాట నేనే అనేశా. ఇవాళ చాలే నాకు. ఇద్దరు కూతుళ్లున్న పుట్టినరోజు ఇది. ఇక వెళ్లు."

కాచుకోలేదమ్మా, నేను దాన్ని వెళ్లగొట్టబోయాను అని చెప్పాలి. ఇద్దరు అన్న మాటకి లోపలెక్కడో ఇంకా చురుక్కుమంది. ఆ చురుకే ఆమెని మరో క్షణం ఆపింది. ఇంత జరిగాక కూడా అది చావనందుకు ఇన్‌యంగ్‌కి తన మీద తనకే అసహ్యమేసింది. ఈలోగా వెనకనుంచి ఎవరో తోశారు, ఎవరిదో సంచీ భుజానికి తగిలింది, ఆమె గేటు లోపలికి వచ్చిపడింది.

వెనక్కి తిరిగి చూసింది. ఇనుప ఊచల అవతల నొమిన్ రెండు చేతులూ ఎత్తి ఊపుతోంది. పక్కన గుమ్‌సున్ కోటు లోపలి జేబులోంచి ఫోన్ తీసి, పేరు చూసి, నవ్వు ముఖంతోనే చెవికి పెట్టుకుంది.

"పాంగ్ గారా? మా నొమిన్ గురించా? చెప్పండి."

డోళ్ల మోత మధ్యన ఆ ఒక్కమాటా స్పష్టంగా వినిపించింది. మా నొమిన్. గేటు ఒక రెక్క మూసుకుంది.

"ఇబ్బందా? ఎవరికి?" అంటోంది గుమ్‌సున్. "నేను పంపానా? నిన్న నేను మీకే మెసేజూ పెట్టలేదే."

నొమిన్ ఊపుతున్న చేతులు మెల్లిగా కిందికి దిగాయి. గుమ్‌సున్ ఫోన్‌ని చెవి దగ్గరినుంచి తీసి దానివంక చూసింది. ఆ ఫోన్ తెరిచే అంకెలు లోకంలో ఇద్దరికే తెలుసు. ఆమె తల ఎత్తి గేటు వైపు చూసేసరికి, రెండో రెక్క కూడా వచ్చి మూసుకుంది.